రెండు వేళ్ళ చోటు

నేను బూట్ల మేస్త్రీని. నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. అక్షరాలు వంకరపోతే ఓర్చుకోండి. నా కుట్టు ఏనాడూ వంకరపోలేదు.

1. ఇల్లు నా భార్యకి. ఆమె తర్వాత పెద్దకొడుక్కీ కోడలికీ. నా ఉన్ని కోటు కూడా నా భార్యకే. మనవరాలి కోసం ఆసుపత్రి వరండాలో ఆమె దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చున్నన్నాళ్ళూ దాన్నే మడిచి కింద పరిచాను. నేను దణ్ణం పెట్టలేదు. పక్కన నిలబడ్డాను, అంతే.

2. ఇంటి తాళంచేతులు కోడలికి. మనవరాలికి ఎముక మూలుగ మార్పించి ఇంటికి తెచ్చాక, ఒంటికి జిగురు వాసనుందని నన్ను గది గుమ్మంలోనే ఆపేసింది. "దేవుడు చూసుకుంటాడు మామయ్యా, మీరు చేతులు కడుక్కోండి" అంది. నా ఇంట్లో నన్ను ఆపినవాళ్ళు అంతకుముందు లేరు. ఇల్లు ఆ కోడలి చేతిలో ఉంటే నిలుస్తుంది.

3. కుట్టుమిషను చిన్నకొడుక్కి. పని వదిలేసి ప్రార్థనల వెంట పడ్డాడని వాడితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. మనవరాలికి సరిపోయిన మూలుగ వాడిదే. అడక్కముందే వచ్చి, మూలుగ ఇవ్వడానికి ఆసుపత్రి మంచమెక్కాడు. దేవుడిచ్చాడని వాడంటాడు. నువ్విచ్చావురా అని నేనంటాను. ఆ విషయంలో మాకిప్పటికీ పడదు. మిషను అమ్మితే దయ్యమై వస్తాను. వాడు నమ్ముతాడు కాబట్టి రాస్తున్నాను.

4. కొట్టు, అందులోని కొయ్య అచ్చులు, పనిముట్లు మనవరాలు పిచ్చుకకి. ఏడేళ్ళది. ఏటా దాని పాదం కొలిచి అచ్చు చెక్కుతాను. ఈ ఏడు కోడలు కొలిచి చెబితే గుమ్మం ఇవతల రాసుకున్నాను. పాదం నిరుడున్నంతే ఉంది. నాకేమీ అనిపించలేదు. ఈమధ్య ఏదీ అనిపించడం లేదు. పిల్లల బూటులో వేలెడు చోటు వదిలి కుడతాం, ఎదుగుతారని. పిచ్చుక లోపల్నుంచి, "తాతా, ఈసారి రెండు వేళ్ళు వదులు" అంది. వదిలాను. తోలు వస్తువు లోపలికి పోకూడదన్నారు గనక జోడు గుమ్మం బయటే ఉంది. అది వేసుకుని నడిచేదాకా ఎవరూ కదపొద్దు.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత పెద్దకొడుకుది. వాడు తక్కువ మాట్లాడతాడు, అందుకని.

6. దస్తావేజుల లేఖరి ఇది చదివి, ఒక షరతు తక్కువైందన్నాడు. మనవరాలు నాకంటే ముందు పోతే కొట్టు ఎవరికని రాయాలట. అందరూ రాస్తారట. కొత్త మూలుగ నిలిచిందో లేదో డాక్టరు ఇంకా తేల్చలేదు. అది తెలిసే పాపం మెల్లగా అడిగాడు. నా భార్య మొక్కుకుంది, కోడలు పస్తులుంది, చిన్నాడు ప్రార్థించాడు. నాకవేవీ చేతకావు. ఆ షరతు మాత్రం రాయను. అది ఉండాల్సిన చోట రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ వదిలాను. అందులో ఎవరూ ఏమీ రాయకూడదు.




తేదీ: మార్చి పన్నెండు, మంగళవారం

సంతకం: బూట్ల మేస్త్రీ, పిచ్చుక తాత

సాక్షులు: దస్తావేజుల లేఖరి, పక్క కొట్టు టైలరు