బూర ఊదేవాడి పెదవులు

హల్, మార్చి 8, ఆదివారం

ప్రియమైన నాన్నా,

ఫోన్లో నీ మాటల్లో సగం ఆ దగ్గు మింగేస్తోంది, అందుకే ఉత్తరం. బ్యాండు మాస్టారు గార్‌సైడ్ నాకు ఫోన్ చేశారు. "మీ నాన్న దగ్గు తగ్గకపోతే మే నెలాఖరున విట్ శుక్రవారం పండక్కి జరిగే బ్యాండ్ల పోటీ కవాతులో సోలో ఆయన పక్కన ఊదే ప్రిసిల్లాకి ఇచ్చేస్తానమ్మా" అన్నారు. ముప్పై ఏళ్లుగా పెద్ద బూర మీద ఆ సోలో నీదే. అది నీ చేయి జారిపోతే నేను తట్టుకోలేను.

మా వేప్ షాపులో నా చేత్తో కలిపిన ఈ-సిగరెట్టు ద్రవం సీసా, దాన్ని ఆవిరి చేసి పీల్చే గొట్టం పంపుతున్నాను. సిగరెట్టు బదులు ఇది పీల్చు. పొగాకు రుచే కలిపాను, పళ్ల రుచులంటే నీకు నామోషీ కదా.

నీ లిండ్సే

డెల్ఫ్, మార్చి 17

బంగారు తల్లీ,

సీసా అందింది. బ్యాండు క్లబ్బులో బల్ల మీద పెట్టానో లేదో, డోలు వాయించే స్టాన్లీ కళ్లజోడు తగిలించుకుని దాని మీది చీటీ చదివాడు. "ఒరే నార్మన్, ప్రొపిలీన్ గ్లైకాలట! గడ్డ కట్టకుండా నా కారు రేడియేటర్లో పోసేది ఇదేరా! నీ కూతురు నిన్ను చలికాలానికి తయారుచేస్తోంది!" అన్నాడు. బ్యాండంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చి సీసాని సింకు కింద దాచేశాను. నిజం చెప్పు, ఏమిటిది? రోజంతా దాని మధ్యే ఉంటావు, నీకేం కాదు కదా? మొన్న ఫోన్లో నీ గొంతు బొంగురుగా ఉంది.

మీ నాన్న

హల్, మార్చి 22, ఆదివారం

ప్రియమైన నాన్నా,

నా గొంతుకేం కాలేదు, చలి.

స్టాన్లీ బాబాయ్‌కి చెప్పు: కార్లలో మామూలుగా పోసేది ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. దీనిదీ ఆ ఇంటిపేరే గానీ బుద్ధులు వేరు. దీన్ని కేకుల్లో, మందుల్లో కూడా వాడతారు. నా సీసాలో దీని పని రుచినీ నికోటిన్‌నీ కలుపుకుని మోయడం, గొంతులో సిగరెట్టు లాంటి చురుకు పుట్టించడం. ఆ చురుకు లేకపోతే నీలాంటివాళ్లు రెండో రోజుకే మళ్లీ పెట్టె కొంటారు. తెల్లటి పొగ దట్టంగా రావడానికి గ్లిజరిన్ కలుపుతాం.

అలాగని ఇది అమృతం అనను. తింటే ఏమీ చేయనిది ఏళ్ల తరబడి పీలిస్తే ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. సిగరెట్టు కంటే హాని చాలా తక్కువ, అంతే. అసలు సిగరెట్టు ముట్టనివాళ్లకి దీనితో పనే లేదు. షాపుకొచ్చిన వాళ్లకి ఆ మాట మొహం మీదే చెబుతాను.

సింకు కింది సీసాని బయటికి తీయి.

నీ లిండ్సే

డెల్ఫ్, ఏప్రిల్ 20

చిట్టితల్లీ,

పంతొమ్మిది రోజులుగా ఒక్క సిగరెట్టూ లేదు! దగ్గు సగం తగ్గింది. ముక్కు కూడా పనిలోకి దిగినట్టుంది, పక్కింట్లో పొయ్యి మీద ఏముందో ఇక్కడినుంచే చెప్పేస్తున్నాను.

కానీ నోరంతా ఇసుక నమిలినట్టుంది, పెదవులు అట్టలు కట్టాయి. నిన్న సాధనలో బూరలోంచి బాతు అరుపు వచ్చింది. ప్రిసిల్లా నా వైపు జాలిగా చూసింది. ఆ చూపు కంటే దగ్గే నయం. కవాతుకి ఆరు వారాలు కూడా లేవు. మళ్లీ సిగరెట్టే పట్టుకోనా?

మీ నాన్న

హల్, ఏప్రిల్ 26, ఆదివారం

ప్రియమైన నాన్నా,

పట్టుకోకు! తప్పు నాది. బూర ఊదేవాడి పెదవులన్న సంగతి మరిచి, అందరికీ కలిపినట్టే గ్లైకాల్, గ్లిజరిన్ సగం సగం కలిపాను. ప్రొపిలీన్ గ్లైకాల్ తడి ఎక్కడుంటే అక్కడ లాగేసుకుంటుంది. నోరు ఎండుతుంది, గొంతు బొంగురుపోతుంది. కొత్త సీసాలో దాన్ని బాగా తగ్గించి గ్లిజరిన్ పెంచాను. సాధనకి గంట ముందునుంచి ముట్టుకోకు, నీళ్లు బాగా తాగు.

నీ లిండ్సే

డెల్ఫ్, మే 30

నా బంగారూ,

నిన్న వానలో నాలుగు ఊళ్లలో కవాతు చేశాం. నాలుగుసార్లూ సోలో నేనే వాయించాను, ఒక్క దగ్గు లేదు! మూడో బహుమతి వచ్చింది. గార్‌సైడ్ నన్ను కౌగిలించుకున్నాడు. స్టాన్లీ "మన రేడియేటర్ ఆరోగ్యానికి!" అని గ్లాసు ఎత్తాడు. ఇంత సంతోషం నేను ఏనాడూ పడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ నీ ఉత్తరాలన్నీ మళ్లీ తీశాను. ప్రతి కాగితానికీ స్ట్రాబెర్రీ వాసన. మార్చిలో నా ముక్కుకి తెలియలేదు. షాపు వాసన అనుకుందామంటే, నువ్వు రాసేది సెలవు రోజున, ఇంట్లో కూర్చుని. గొంతు ఎందుకు బొంగురుపోతుందో నువ్వే రాశావు. పుట్టి బుద్ధెరిగాక సిగరెట్టు ముట్టని పిల్లవి, అలాంటివాళ్లకి దీనితో పనే లేదని రాసిందీ నువ్వే.

కోపం లేదు తల్లీ. నలభై ఏళ్లు పొగ ఊదినవాడికి కోప్పడే మొహం ఎక్కడిది? నేను మానడానికి నువ్వు తోడున్నావు. నీకు నేనుంటాను.

మీ నాన్న

హల్, జూలై 5, ఆదివారం

నాన్నా, నా నాన్నా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను. కలిపిన రుచి సరిచూద్దామని మొదలుపెట్టాను, ఏడాది దాటినా వదల్లేకపోయాను. నీకు నీతులు రాస్తూ సిగ్గుతో చచ్చిపోయాను. నీ ఉత్తరం అందినప్పటినుంచి ముట్టలేదు, నెల దాటింది. మొదటి వారం షాపుకొచ్చిన ప్రతివాడి మీదా విరుచుకుపడ్డాను, పాపం.

ఈ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ వాసనొస్తోందో రాయి.

నీ లిండ్సే

డెల్ఫ్, జూలై 8

తల్లీ,

వేయించిన చేప, దాని మీద ఒలకబోసిన వెనిగర్. తింటూ రాశావు, చేతులు కూడా కడుక్కోలేదు. కాగితాన్ని నాలుగుసార్లు వాసన చూశాను. స్ట్రాబెర్రీ ఎక్కడా లేదు.

నీ నాన్న