శివారు పొలం పాపాయి గారికి, గడ్డం పెట్టె పాస్టరు గారికి

పశ్చిమ గోదావరి జిల్లా, మొగల్తూరు మండలం, పాలతిప్ప గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు యాకోబు గారి కుమారుడు, కాలువ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరైన నేలపూడి చంద్రరావు అను నేను, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఒకరి ఒత్తిడి గానీ ఒకరి తీపిమాటలు గానీ లేకుండా వ్రాయించుకుని, చదివించుకుని విని, సంతకం చేసిన వీలునామా.

బుద్ధి స్వాధీనంలో లేదని రేపు ఎవరో ఒకరు అంటారు. ఎవరంటారో కూడా నాకు తెలుసు. అందుకే నిన్న నరసాపురం వెళ్ళి డాక్టరు గారి సర్టిఫికెట్టు తెచ్చి దీనికి జతచేశాను. ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది. కొట్టివేతలు లేవు, ఎక్కడైనా కనిపిస్తే అవి నావి కావు. మూడు ప్రతులు మూడు చోట్ల పెట్టాను. ఆ చోట్లు నా కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా రెండే చెప్పాను.

2004 ఆగస్టులో నేను వ్రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. కారణం చివరి అంశంలో ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురు కీర్తిప్రియకు అప్పగిస్తున్నాను. పెద్దవాడు కొడుకు ఉండగా కూతురేమిటని మా చర్చి సంఘపెద్దలు అడగవచ్చు. అడగనివ్వండి. చిన్నప్పటి నుంచీ నేను చెప్పిన ఏ మాటా ఆమె ఒక్కసారికి నమ్మలేదు. అలాంటి మనిషే ఈ పనికి కావాలి.

2. నన్ను నా భార్య దేవకుమారి పక్కన పెట్టవలెను. సమాధి మీద పేరు, తేదీలు చాలు, వాక్యం చెక్కించవద్దు. భూస్థాపన కూడికలో నన్ను నీతిమంతుడని ఎవరైనా అంటే, కీర్తిప్రియ అక్కడికక్కడే లేచి ఆరో అంశం చదవవలెను.

3. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దొడ్డి, రెండు కొబ్బరిచెట్లు నా కొడుకు జీవరత్నానికి సర్వహక్కులతో చెందవలెను. వెనకగది మాత్రం కీర్తిప్రియ ఎప్పుడు వచ్చినా ఆమెదే. దాని తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలి. "మేము తీసి పెడతాం కదా" అనే మాట నేను ఒప్పుకోను.

జీవరత్నం ఐదు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నిన్న డాక్టరు దగ్గరకు స్కూటరు మీద తీసుకెళ్ళింది మాత్రం వాడే. డాక్టరు చెవిలో ఏదైనా వేస్తాడేమోనని వెనక కూర్చుని దారంతా అనుమానపడ్డాను. వాడు లోపలికే రాలేదు. బయట ఎండలో నిలబడ్డాడు.

4. నా సైకిలు ఎదురింటి వెంకన్నకు. పదకొండేళ్ళ క్రితం దాని గంట పోయింది. తీసింది వెంకన్నే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆయన కాదంటాడు. గంట ఉన్నచోటికే సైకిలు కూడా చేరితే నా మనసుకు కుదురుగా ఉంటుంది. ఆయన నిజంగా తీయకపోతే నన్ను క్షమించవలెను.

5. వంటింట్లో మూత పగిలిన కుండ ఒకటి ఉంది. అది కీర్తిప్రియకు. దేవకుమారి వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఇది మా సంఘంలో ఆడవాళ్ళందరూ చేసేదే. ఆదివారం గుడికి తీసుకెళ్ళి ఇస్తారు. 1999 నుంచి మా కుండలో బియ్యం గుడికి సగమే వెళ్ళేవి. నాకు లెక్క తెలియదు గానీ కుండ బరువు తెలుసు. మిగతాది నరసాపురంలో తన తమ్ముడికి పంపుతోందని అనుకున్నాను.

ఒకరోజు పదకొండు గంటలకు ఆమె గిన్నె చెంగు కింద పెట్టుకుని బయలుదేరింది. నేను సైకిలు మీద వెనకాలే వెళ్ళాను. ఆమె వెళ్ళింది తమ్ముడింటికి కాదు, శివారులో చిట్టియ్య ఇంటికి. తడిక సందులోంచి చూశాను. పక్షవాతంతో మంచం మీద ఉన్న చిట్టియ్య చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మా ఇంటి కత్తెరతో గోళ్ళు తీస్తోంది. చిట్టియ్య భార్య పాపాయి అన్నం కలుపుతోంది.

చిట్టియ్య అంటే నా మీద అర్జీ పెట్టి నన్ను సస్పెండు చేయించినవాడు. మూడు నెలలు నేను జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నది అతని వల్ల. ఆరోజు ఇంటికొచ్చాక దేవకుమారిని నిలదీశాను. "వాడి కోసం ప్రార్థన చెయ్యి, నేను వద్దనను. ఇంటికెళ్ళడమేంటి?" అన్నాను.

"ప్రార్థన ఇక్కడినుంచి చెయ్యొచ్చండి. గోళ్ళు ఇక్కడినుంచి తియ్యలేం కదండీ" అంది.

నాలుగు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వెళ్ళడం మానలేదు. 2002 జూన్‌లో జ్వరంతో పోయేదాకా మానలేదు.

కీర్తిప్రియా, ఈ కుండలో బియ్యం నువ్వే స్వయంగా ఒక ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఇంకొకరి చేత పంపితే మధ్యలో ఏమవుతుందో నాకు నమ్మకం లేదు. అదీగాక, పంపితే గోళ్ళు పెరిగాయని ఎలా తెలుస్తుంది?

6. పాలతిప్ప శివారులో నా స్వార్జితమైన నలభై సెంట్ల పల్లపు భూమి, హద్దులు: తూర్పు పంటబోదె, దక్షిణం పుంతదారి, పడమర, ఉత్తరం ఇతరుల పొలాలు. ఈ భూమి చిట్టియ్య గారి భార్య పాపాయి గారికి, నా తదనంతరం కాదు, ఈ వీలునామా రిజిస్టరైన రోజు నుంచే స్వాధీనం చేయవలెను. దీనికి వేరే దస్తావేజు కూడా రాయించాను, ఎందుకంటే వీలునామాల మీద కోర్టుకెళ్ళేవాళ్ళను చూశాను. దీన్ని దానం అనకూడదు. ఎందుకు అనకూడదో రాస్తున్నాను.

1993 దాళ్వాలో, అంటే రెండో పంటకు, కాలువలో నీరు తక్కువ. వంతులు పెట్టారు. చిట్టియ్య అప్పుడు ఎకరంన్నర కౌలు చేసేవాడు. వరి పొట్ట మీద ఉంది. పై భూముల్లో కాశీవిశ్వనాథరాజు గారు కొత్తగా చేపల చెరువులు తవ్వించారు. ఆయన ఒక మిట్టమధ్యాహ్నం లాకుల దగ్గరకు వచ్చి, "మీవాడికి మన ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని ఖాళీగా ఉందయ్యా" అన్నారు. ఇంకేమీ అనలేదు. చెరువుల వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. తొమ్మిది రోజులు, ఊరంతా అన్నాలు తిని పడుకునే వేళ, నేను ఆయన తూము షట్టరు ఎత్తి, కింది చేల వంతు నీళ్ళు చెరువులకు వదిలాను. అడిగిందీ అడగనిదీ ఆయన, ఎత్తింది నేను. ఆయన ఇప్పుడు లేరు కాబట్టి తప్పు ఆయన మీద వేయడం సులువు. వేయను.

చిట్టియ్య చేను పొట్ట మీదే ఎండిపోయింది. ఆయన అర్జీ పెట్టాడు. విచారణలో రాజుగారు పెద్దమనిషిగా నా తరఫున చెప్పారు. అర్జీ అబద్ధమని తేల్చి నన్ను మళ్ళీ డ్యూటీలో చేర్చుకున్నారు. గుడిలో నా కోసం కృతజ్ఞతా కూడిక పెట్టారు. నేను ముందు వరసలో నిలబడి కళ్ళు మూసుకున్నాను. చిట్టియ్యకు ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ కౌలుకివ్వలేదు, అబద్ధపు అర్జీలు పెట్టే మనిషని. లారీలకు మూటలెత్తే పనికి వెళ్ళాడు. నేను రిటైరయ్యాక కొన్న ఈ నలభై సెంట్లు ఆయన కౌలు చేసిన చేలోని ముక్కే.

అన్నేళ్ళూ నేను ఆయన్ని నిజంగానే ద్వేషించాను. అబద్ధమాడినవాణ్ణి ద్వేషించినట్టే ద్వేషించాను. ఇది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

దేవకుమారి పోయాక నెలకు నేను చిట్టియ్య ఇంటికి వెళ్ళాను. ప్రేమతో కాదు. పింఛను కోసం రోగం నటిస్తున్నాడేమో చూద్దామని. ఒక ఈగ వచ్చి ఆయన కనురెప్ప మీద వాలింది. కుడిచెయ్యి లేస్తుందేమోనని కనిపెట్టుకుని కూర్చున్నాను. లేవలేదు. కన్ను మాత్రం కొట్టుకుంటోంది. చివరికి నేనే తోలాను. అప్పుడు చూశాను, గడ్డం మాసి, కింద చర్మం ఎర్రబడి ఉంది. పాపాయి గారికి చెయ్యి వణుకు, మంగలి రావడం మానేశాడు. ఆ శనివారం నా గడ్డం పెట్టె పట్టుకెళ్ళాను. రెండేళ్ళు శనివారాలు వెళ్ళాను. సంఘంలో నా పేరు మారుమోగింది. శత్రువును ప్రేమించినవాడని పాస్టరు గారు పీఠం మీద నుంచి చెప్పారు. అది విన్న రోజు కూడిక అయ్యీ కాకముందే లేచి ఇంటికొచ్చేశాను.

2004 మే నెలలో ఒక శనివారం, సగం గడ్డం అయ్యాక, నా చెయ్యి ఆగిపోయింది. "చిట్టియ్య గారూ, ఆ అర్జీలో మీరు రాసింది నిజమేనండి" అన్నాను.

ఆయనకు మాట ముద్దగా వచ్చేది. "తెలుసండి. నేను చూశాను కదా" అన్నాడు. "ఈ వైపు ఉండిపోయింది, కానివ్వండి" అన్నాడు.

బ్లేడు నా చేతిలో ఉంది, మెడ ఆయనది. రెండేళ్ళుగా అన్నీ తెలిసే ఆ మెడ నాకు అప్పగించాడు. ఎందుకో అడిగే ధైర్యం చాల్లేదు. ఏదో ఆశించే అయి ఉంటుందని చాలాకాలం వెతికాను. ఏమీ దొరకలేదు. జూలైలో ఆయన పోయాడు. దేవకుమారికి నిజం తెలుసా అన్నది కూడా తేల్చుకోలేకపోయాను. ఆమె ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం వల్లే నా అనుమానం.

7. పైన చెప్పిన గడ్డం పెట్టె మా పాస్టరు గారికి. ఆయన కంఠం మంచిది. రోగుల గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవకుండానే ప్రార్థన ముగించి వెళ్ళిపోవడం నేను ఏడుసార్లు చూశాను. అయ్యగారూ, ముందు వేడినీళ్ళ గుడ్డ రెండు నిమిషాలు వేయాలి. లోపలికి పోయిన చెంపను వాళ్ళు నాలుకతో నెట్టలేరు, మీరు వేలితో చర్మం సాగదీయాలి. ప్రతిసారీ కొత్త బ్లేడు. అయ్యాక అద్దం చూపించాలి, అది మరిచిపోవద్దు. పెట్టె వాడారో లేదో కీర్తిప్రియ ఏడాది తర్వాత తెరిచి చూస్తుంది.

8. పాత వీలునామా ఎందుకు రద్దు చేశానంటే: ఇప్పుడు ఆరో అంశంలో ఉన్న సంగతిని నేను పోయాక గుడిలో చదవమని అందులో రాశాను. జీవరత్నం అది చూశాడు. రాజుగారి ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగం తన చదువును చూసి ఇచ్చారని వాడు పన్నెండేళ్ళుగా అనుకుంటున్నాడు. వాడి ముఖం తెల్లబోయింది. "నాన్నగారూ, పొలం ఇస్తే ఇచ్చుకోండి. ఎందుకిస్తున్నారో రాయడం దేనికండీ? నేను రేపు ఫ్యాక్టరీకి ఏ ముఖం పెట్టుకెళ్ళాలి?" అన్నాడు. వాడి భయం న్యాయమైనదే. ఆ పేజీ వాడు చింపుతాడని కూడా నాకు అర్థమైంది.

పాస్టరు గారిని అడిగాను. "ఎందుకండీ దాచుకోవడం, గుడిలో సాక్ష్యంగా చెప్పండి. దేవునికి మహిమ" అన్నారు. గుడిలో చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. చప్పట్లు కొడతారు. కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేను మళ్ళీ గొప్పవాణ్ణి అవుతాను. చిట్టియ్యను అబద్ధికుడన్నవాళ్ళలో సగం మంది ఆ గుడి మెట్లే ఎక్కరు.

ఎవరి మీదా నమ్మకం లేక నేనే చెప్పడానికి నిశ్చయించుకున్నాను. గత నెల 27వ తేదీ ఆదివారం ఆరాధనకు వెళ్ళలేదు. ఊహ తెలిశాక అదే మొదటిసారి. ఆ పొద్దున లాకుల దగ్గర షెడ్డులో నీటి సంఘం మీటింగు. నూట యాభై మంది రైతులు ఉంటారు. మైకు అడిగి తీసుకుని, 1993లో తొమ్మిది రోజులు షట్టరు ఎత్తింది నేనేనని, ఎందుకెత్తానో చెప్పి, దానివల్ల ఒక కౌలురైతు చేను ఎండిందని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెంకన్న లేచి, "ఇప్పుడెందుకు చెబుతున్నారండీ? ఆ మనిషి పోయాడు కదండీ" అని అడిగాడు. రాజుగారి పెద్దబ్బాయి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. జీవరత్నం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ కాగితం రాసేనాటికి తెలియదు. బాబూ, నీకు నేను చేసిన అన్యాయం ఇది రెండోది. మొదటిది ఆ ఉద్యోగం ఇప్పించడం.

పాపాయి గారు షెడ్డు బయట, ఆడవాళ్ళతో కలిసి నిలబడి ఉన్నారు. ఆమె వస్తారని నాకు తెలియదు. మైకు తిరిగి ఇచ్చేయబోతుంటే ఆమె రెండడుగులు ముందుకు వచ్చారు.

"ఆయన పేరు చెప్పండి" అన్నారు.

"చిట్టియ్య గారు అర్జీలో రాసింది నిజం" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, షెడ్డు చివరిదాకా, ఆ తర్వాత గట్టు మీద సైకిళ్ళు ఆపుకుని నిలబడ్డవాళ్ళదాకా చూశారు.

"మళ్ళీ చెప్పండి. వెనక వాళ్ళకి వినపడలేదు" అన్నారు.

మళ్ళీ చెప్పాను.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించగా సరిగా ఉన్నవని నిర్ధారించుకుని, ఈ క్రింది సాక్షుల ఎదుట, వారు నన్ను చూస్తుండగా సంతకం చేశాను. ఈ వీలునామా వల్ల ఏదైనా పొందేవారు ఎవరూ సాక్షులుగా లేరు.

పాలతిప్ప, 2005 మార్చి 4, శుక్రవారం.

(సంతకం) నేలపూడి చంద్రరావు

సాక్షులు:
1. దుర్గాసాయి, పంచాయితీ ఆఫీసు గుమస్తా
2. నాగదుర్గ, అంగన్‌వాడీ టీచరు

వ్రాసినది: ఫణీంద్ర, దస్తావేజు లేఖరి, మొగల్తూరు