వెనక చక్రాలు

కుర్కివారా, 6 అక్టోబరు 1986

ప్రియమైన విల్హోకి,

ఈ ఉదయం సున్నాకి నాలుగు డిగ్రీలు కిందకి దిగింది. కారు అద్దం మీద మంచు గీకడానికే పావుగంట పట్టింది. బంగాళాదుంపలు తవ్వడం నిన్నటితో అయిపోయింది. పదకొండు బస్తాలు నేలమాళిగలో పెట్టాను. నీ తుంటికి రెండో ఆపరేషన్ బాగా జరిగిందని నర్సు ఫోనులో చెప్పింది. అది నువ్వే రాస్తే బాగుండేది.

స్కూలు పిల్లలు నలుగురూ ఏడింటికల్లా ఎక్కారు. వంతెన మీద బ్రేకు వేస్తే కారు ఒక మూర పక్కకి జరిగింది. చిన్న సాయిమి, "అత్తా, మళ్ళీ చెయ్యి" అంది. నేను మాత్రం మిగతా దారంతా రెండో గేరులోనే నడిపాను. నువ్వు వచ్చేదాకా ఈ స్కూలు టాక్సీ నడిపి, పిల్లల్ని ఏ దెబ్బా లేకుండా వాళ్ళ అమ్మలకి అప్పజెప్పాలి. నాకు వేరే పని లేదు.

చలికాలం టైర్లు వెయ్యాలి. కొట్టు కెస్టి ఈ ఏడాది కొత్తరకం తెప్పించాడు. మంచుని గుచ్చి పట్టే ఇనప మేకులు వీటికుండవు, మెత్తని రబ్బరు, మంచుని అదే పట్టుకుంటుందట. నువ్వేమంటావు?

పక్కింటి ఓయివా మళ్ళీ తన మందలోంచి రెయిన్‌డీర్ మాంసం తెచ్చాడు. మార్చి నుంచి ఇది ఐదోసారి. గుమ్మం దాటి లోపలికి రాడు. "మీ జంతువులకి అడవేదో రోడ్డేదో నేర్పొచ్చు కదయ్యా" అన్నాను. తల దించుకుని వెళ్ళిపోయాడు. అననా మరి? మార్చిలో వాడి జంతువు కారుకి అడ్డొచ్చే కదా నువ్వు ఏడు నెలలుగా కుంటుతున్నావు.

నీ
ఐలి

ఔలు, 11 అక్టోబరు

ప్రియమైన ఐలికి,

నడుస్తున్నాను, చేతికర్రతో. పక్క మంచం ఆయన మూలుగుతూనే పేకాటలో నన్ను రోజూ ఓడిస్తున్నాడు.

కెస్టి మాట వినకు. మేకులు లేని టైరు పట్నంలో తిరిగేవాళ్ళకి. మేకులవే కొను, కానీ నాలుగు అక్కర్లేదు, రెండు చాలు. ఇంజను ముందు చక్రాల్ని తిప్పుతుంది కాబట్టి కొత్తవి ముందు వెయ్యి. వెనక్కి, షెడ్డులో ఉన్న పాతవాటిలో మంచివి రెండు వేస్తే సరిపోతుంది. లాగే చక్రానికి మంచి టైరు అని మా నాన్న చేసేవాడు, నేనూ ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. కొత్త మేకులు కుదురుకునేదాకా మొదటి వారం నెమ్మదిగా నడుపు, లేకపోతే రాలిపోతాయి.

షెడ్డులో టైర్లు నువ్వే తీసుకో. ఓయివాని ఇబ్బంది పెట్టకు. వాణ్ణి మాటలు కూడా అనకు.

నీ
విల్హో

కుర్కివారా, 19 అక్టోబరు

ప్రియమైన విల్హోకి,

ఓయివాని పిలవక తప్పలేదు. ఎడమవైపు బోల్టు ఒకటి తుప్పుపట్టి నా బలానికి కదల్లేదు. అతను ఒక్క తన్నుతో వదులు చేశాడు.

తర్వాత షెడ్డులోంచి పోయిన చలికాలం టైర్లు నాలుగూ బయటికి దొర్లించాడు. వాటిమీద సుద్దతో నీ రాత అలాగే ఉంది, ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ. ముందువి బాగానే ఉన్నాయి. వెనకవాటికి మేకులున్న చోట చిల్లులు మిగిలాయి. నేను లెక్కపెట్టాను. ఒకదానికి మిగిలినవి పదకొండు మేకులే, రెండోదానికి ఏడు. రబ్బరు మీది గాళ్ళు కూడా అరిగి నున్నగా అయ్యాయి.

ఓయివా బొటనవేలితో ఆ రబ్బరుని అటూ ఇటూ రుద్దాడు.

"వదినా, ఇవి మార్చిలో ఉన్నవేనా?"

"రాసుంది కదా."

"వెనకవి?"

"వెనకవే."

కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చున్నాడు. అక్కణ్ణించే అన్నాడు, "ఆ వారం నా మంద ఏటికి అవతల దొడ్లో ఉంది. రెండుసార్లు లెక్కపెట్టాను, ఒక్కటీ తగ్గలేదు. అయినా విల్హో చూశానన్నాడు కదా, నా లెక్కే తప్పనుకున్నాను." అంతే, లేచి వెళ్ళిపోయాడు.

మొన్న నేనొక పని చేశాను. స్కూలు వెనక మైదానంలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఖాళీ కారుకి మార్చిలో ఉన్నట్టే ముందు మంచివి, వెనక ఆ అరిగినవి వేసుకుని తిరిగాను. ఇరవై వేగంలోనే, మలుపులో ఆక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. బ్రేకు కూడా వెయ్యలేదు. వెనక భాగం ముందుకొచ్చేసింది. వచ్చిన దారివైపు మొహం పెట్టి ఆగాను. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

అడ్డం ఏ జంతువూ రాలేదు.

విల్హో, మార్చిలో నువ్వు దేన్నైనా చూశావా లేదా? ఒక్క ముక్క రాస్తే చాలు.

ఐలి

కుర్కివారా, 2 నవంబరు

విల్హోకి,

రెండు వారాలైంది. నీ చేతికి ఏ ఆపరేషనూ జరగలేదని నర్సు చెప్పింది.

టైర్ల సంగతి నేను తేల్చుకున్నాను. కెస్టి ఆ కొత్తరకం మూడు రోజులు వాడి చూడమని ఇచ్చాడు. బాగా చలి పడ్డ రోజు పొడిమంచు మీద అవి మేకులవాటికి తీసిపోలేదు, చప్పుడు కూడా లేదు. శుక్రవారం చలి తగ్గి సున్నాకి వచ్చింది. రేవు దిగే వాలులో ఐసు మీద నీళ్ళు నిలిచాయి. సబ్బు నీళ్ళలో గిన్నె తిరిగినట్టు చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ఆ వాలు కిందే సాయిమి వాళ్ళ ఇల్లు. కెస్టికి తిరిగిచ్చేశాను. "పట్నంలో అయితే హాయిగా ఉంటాయి వదినా" అన్నాడు. "ఇక్కడ పట్నముంటే చెప్పు, తీసుకుంటాను" అన్నాను.

మేకులవి నాలుగు కొన్నాను. నాలుగూ కొత్తవే, ఒకే రకం. అవే వేసుకుని మైదానంలో మళ్ళీ తిరిగాను. వెనక భాగం నా వెనకే ఉంది.

ఐలి

ఔలు, 8 నవంబరు

ప్రియమైన ఐలికి,

చూడలేదు.

రోడ్డు మీద ఏమీ లేదు. పిల్లల్ని దింపి ఖాళీగా వస్తున్నాను. మలుపులో కాలు తీశాను, తర్వాత చెట్టు కనిపించింది. అంబులెన్సు అబ్బాయి "రెయిన్‌డీరా?" అని అడిగాడు. మన వైపు అందరికీ జరిగేది అదే కదా. అవునన్నాను. మళ్ళీ మున్సిపల్ ఆఫీసువాళ్ళు అడిగారు. అరిగిన టైర్లతో పిల్లల్ని తిప్పానంటే ఈ రూటు నాకు ఉండదు. మళ్ళీ అవునన్నాను. మూడోసారి ఓయివానే వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడి క్షమించమన్నాడు. అప్పుడే చెప్పాల్సింది.

నువ్వు నాలుగుసార్లు తిరిగానని రాశావు. రెండు వారాలుగా అదే చదువుతున్నాను. వెనక సీట్లో పిల్లలు కూర్చుని ఉంటే అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

ఓయివాకి ఈ ఉత్తరం చదివి వినిపించు. మున్సిపల్ ఆఫీసుకి వేరే రాశాను. ఉన్నది ఉన్నట్టే రాశాను.

విల్హో

కుర్కివారా, 24 నవంబరు

ప్రియమైన విల్హోకి,

చదివి వినిపించలేదు. కాగితం ఓయివా చేతికే ఇచ్చాను. వాకిట్లో నిలబడే చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

ముందు నేను క్షమించమన్నాను, ఎందుకంటే ఐదుసార్లు మాంసం తీసుకుని ఐదుసార్లూ దెప్పింది నేనే.

"నువ్వు తెలియక అన్నావులే వదినా," అన్నాడు. "మాంసం సంగతి వదిలెయ్. మందలో పెద్ద మగదాని మెడకి, చీకట్లో కార్లకి కనబడాలని మెరిసే పట్టీ కట్టాను. రాత్రిళ్ళు రోడ్డు వెంట నడిచాను. మా అబ్బాయి సరిగ్గా కాయలేదని వాణ్ణి తిట్టాను. అది ఎవరు తిరిగి తీసుకుంటారు?"

కాఫీ పెట్టాను. తాగలేదు. నీకేమైనా చెప్పమంటావా అని అడిగితే, వచ్చాక తనే మాట్లాడతానన్నాడు. ఏం మాట్లాడతాడో నాకు తెలియదు.

మున్సిపల్ ఆఫీసాయన గురువారం వచ్చాడు. ముందుగా వెనక చక్రాల దగ్గరే కూర్చుని మేకులు చూశాడు. రూటు ఇకమీద నా పేరున రాశారు. వసంతం దాకా కాదు, మూడేళ్ళకి. నీ పేరు తీసేశారు. నువ్వు వచ్చాక దాని గురించి నాతో గొడవపడకు. ఆసుపత్రి నుంచి తీసుకురావడానికి వచ్చే నెల పందొమ్మిదిన నేనే వస్తాను.

ఈ ఉదయం సున్నాకి ఇరవై ఒకటి కింద. మందల్లోంచి ఎవరి జంతువుల్ని వాళ్ళు ఏరుకునే పనికి ఓయివా, వాళ్ళబ్బాయి ఆరింటికి కొండ మీదకి వెళ్ళారు. నేను పిల్లల కోసం ఏడింటికి పది నిమిషాల ముందు బయల్దేరాను.

ఐలి