గడ్డం సారుకి అందని నమస్కారాలు

పూజ్యురాలైన అమ్మగారికి మీ కుమారరత్నం వంగి నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ నేను క్షేమం. నా మంచం ఆక్రమించిన చెల్లితో సహా మీరంతా క్షేమమని తలుస్తాను.

వేళకే తింటున్నాను. నీ కుట్టు షాపులో అందరూ నా పనేమిటని అడుగుతున్నారన్నావు. జనం దాచుకున్న ఫైళ్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి మూడు నకళ్లు తీసి, నలభై కంప్యూటర్లలో సర్దే సాఫ్ట్‌వేర్ మాది. ఒక కంప్యూటర్ పోయినా ఫైలు పోదు. ఆ కంప్యూటర్ల మెదళ్లు, అంటే ప్రాసెసర్లు, ఏ పనికి ఎంత సమయం ఖర్చు చేస్తున్నాయో నిఘా పెట్టి పటం గీయడం నా వంతు.

గడ్డం సారుకి నీ నమస్కారాలు చెప్పానా అని అడిగావు. చెప్పలేదమ్మా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నెలరోజులు తన ఇంటి హాల్లో పడుకోనిచ్చిన మా సీనియర్ ముఖం చూడలేకపోతున్నాను.

పోయిన నెల ప్రాసెసర్లన్నీ ఉక్కిరిబిక్కిరయ్యాయి. నా పటంలో అన్నిటికన్నా పెద్ద భాగం సారు రాసిన కోడ్‌ది. ముక్కలు చెడిపోలేదు కదా అని సరిచూసే కోడ్ అది. నిండు మీటింగ్‌లో లేచి, "దొంగ దొరికాడండీ! కోడ్‌కి వయసైపోయింది, ఆయాసపడుతోంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నువ్వు షాపులో చాటింపు వేసిన నా ఘనకార్యం అదే. మూడు వారాలుగా ఆయన ఆ కోడ్ తిరగరాస్తూనే ఉన్నారు. సోమవారం నుంచి ఆయన్ని ఆ పనిలోంచి తీసేస్తున్నారు.

నిన్న నా నిఘా ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపాను. ప్రాసెసర్లన్నీ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాయి. సెకనుకి వందసార్లు తొంగిచూడమనబోయి పదివేలసార్లని కొట్టి, అలాగే వదిలేశానమ్మా. తాను తినే సమయాన్ని అది పటంలో చూపదు, అందుకే సారు కోడే అన్నిటికన్నా పెద్దదిగా కనబడింది. దొంగను నేనే.

ఇవాళ సారు దగ్గరికెళ్లి నసుగుతూ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "నాకెందుకు చెప్తున్నావురా? నన్నన్నది నా చెవిలో కాదుగా" అన్నారు.

"అందరి ముందూనా సార్?"

"జోకులేసింది అక్కడేగా."

మీటింగ్ రేపు పదింటికి. నా సంగతి నాకు తెలుసు. లేచి నిలబడగానే ఏదో హాస్యమాడి కూర్చుండిపోతాను. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టు డబ్బాలో వేసేస్తున్నాను. నీకెలాగూ తెలిసిపోతుంది కాబట్టి, వెనక్కి తగ్గే దారి ఉండదు. షాపులోనూ చెప్పమ్మా, నన్ను పొగిడినంత గొంతుతోనే.

ఇట్లు,
ఇంకా నీ కొడుకే