ఆడియో 14

మార్చి 3, సోమవారం
గొంతు ఆపరేషన్ తర్వాత అక్కకు ఇదే మొదటి రికార్డింగ్. ఒక సీరియల్ టైటిల్ సాంగ్. బూత్‌లో అక్క, మిక్సర్ దగ్గర నేను. ఈ సాఫ్ట్‌వేర్ నాకు నేర్పింది అక్కే. వైర్లు లేని వైరింగ్ అంటుంది.

పల్లవి బాగానే వచ్చింది. చరణంలో పైకి వెళ్లేసరికి గొంతు వట్టి గాలి అయిపోయింది. పదకొండు టేకులు. నా మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. అది నాకు బాగా వచ్చు.

ఇవాళ తెగ మాట్లాడావే మూగమొద్దూ, నోట్లోంచి ముత్యాలేమీ రాలిపోలేదు కదా అని దారిలో అక్క వెక్కిరించింది. నేను అన్నది "వన్ మోర్" ఒక్కటే.

మార్చి 4
కంపోజర్ గారు ఫోన్ చేశారు. అక్కయ్యను తొందరపెట్టకమ్మా అన్నారు. శుక్రవారానికి ఫైనల్ రాకపోతే మాత్రం వేరే అమ్మాయితో పాడించక తప్పదట. ఆ అమ్మాయి పేరు కూడా చెప్పారు. అంటే మాట్లాడేసుకున్నారన్నమాట.

అక్కకు చెప్పలేదు.

మార్చి 5, మధ్యాహ్నం 2
అక్క డాక్టర్ దగ్గరికి వెళ్లింది. స్టూడియోలో ఎవరూ లేరు. చరణంలో ఆ నాలుగు లైన్లూ నేను పాడాను.

కాన్వెంట్ కొయర్‌లో, మీ అక్కను అనుకరించకు అని సిస్టర్ నన్ను చివరి వరసలో నిలబెట్టేవారు. నేను అనుకరించలేదు. మా గొంతులే అంత.

అక్క ఛానెల్‌ను కాపీ చేసి అందులో నా పాట పెట్టాను. రెండింటినీ ఒకే బస్‌కు, అంటే గొంతులన్నీ కలిసే దారికి, పంపాను. అక్కడ కలిశాక ఏది ఎవరిదో తెలియదు. బస్‌కు అక్క పేరు పెట్టాను. నా ఛానెల్‌కు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరే ఉంచాను, ఆడియో 14.

ఏమీ అనిపించలేదు. చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం 6
కంపోజర్ గారికి పంపాను. మీ అక్కయ్య గొంతు ఎక్కడికీ పోలేదమ్మా అన్నారు. ఫోన్‌లో తల ఊపాను.

మార్చి 6
అక్క హార్మనీ పాడడానికి వచ్చింది. ముందే ఆడియో 14 సౌండు తగ్గించే ఫేడర్‌ను అడుగుకు దించేశాను. స్పీకర్లలో నా గొంతు లేదు.

చరణం దగ్గర అక్క ఆగిపోయింది. గాజు అవతలి నుంచి నన్నే చూస్తూ నిలబడింది. నాకు అర్థం కాలేదు. తర్వాత చూశాను. హెడ్‌ఫోన్స్‌కు పాట పంపే దారి, సెండ్, ప్రీ-ఫేడర్‌లో ఉంది, అంటే ఫేడర్‌కు ముందే చీలిపోతుంది. ఛానెల్‌తో పాటు అదీ కాపీ అయింది. ఫేడర్ ఎంత దించినా ఆ దారి మూసుకోదు. నా గొంతు అక్క చెవుల్లో పడుతూనే ఉంది. మొదటి వారంలోనే అక్క నాకు చెప్పిన సంగతి.

అక్క బయటికి వచ్చి హెడ్‌ఫోన్స్ స్టాండుకు తగిలించింది. రెండో లైనుకు ఊపిరి ఇంకాస్త ముందు తీసుకోవాలే అంది.

 

మార్చి 7, ఉదయం 9
అక్క నాకంటే ముందే వచ్చి వెళ్లినట్టుంది. ప్రాజెక్ట్ తెరిచాను. ఆడియో 14 ఉన్నచోట మూగమొద్దు అని ఉంది. పల్లవికి కొత్త ట్రాక్ ఒకటి ఖాళీగా ఉంది. అక్క ఛానెల్ అవుట్‌పుట్ దగ్గర "నన్", అంటే ఎక్కడికీ పోదు.

ప్లే చేశాను. అక్క మీటరు పచ్చగా లేచి పడుతోంది. ఏమీ వినిపించడం లేదు.

బూత్‌లో మైక్ నా ఎత్తుకు దించి ఉంది.