చివరి మలుపు దగ్గర కళ్ళు మూసుకోవాలి

ప్రియమైన అక్కకి,

కాలికి కట్టుతో, కడుపులో మంటతో నీ తమ్ముడు రాయునది. నేను లైబ్రరీ మెట్లమీంచి పడిన వారానికే నువ్వు ఆ కళ్ళద్దాలాయనతో కొండెక్కుతున్నావని అమ్మ చెప్పింది. పెళ్ళి కుదిరింది, సంతోషం. షాపులో కూర్చుని ఊరందరి చూపూ సరిచేస్తారు, ఇంకా సంతోషం. కానీ చలికాలం కొండ మన ఇద్దరిదీ కదా! ఆరేళ్ళుగా చివరి మలుపు దగ్గర కళ్ళు మూసుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, లోయ అంచున ఇనప కమ్మీ తగిలేదాకా నడిచి, నేను “ఒకటీ, రెండూ, మూడూ” అన్నాకే కలిసి తెరుస్తాం. ఆ లెక్కపెట్టే పదవి దరఖాస్తులైనా పిలవకుండా ఇచ్చేశావా?

నేనేమీ కుళ్ళుకోవడం లేదు. హాస్టల్ వార్డెన్‌కీ అదే చెప్పాను.

పదవి పోయిన
తమ్ముడు

ప్రియమైన కుంటి మహారాజుకి,

వెళ్ళొచ్చాం. దారంతా మంచు, నా బూట్లనిండా నీళ్ళు. “ఇంకెంత?” అని ఆయన పదకొండుసార్లు అడిగారు. ఫ్లాస్కులో నీ వాటా టీ కూడా ఆయనే తాగారు. పైన చూడాలిరా! ఎడమవైపు చెరువు గడ్డకట్టి పళ్ళెంలా ఉంది. కుడివైపు వంతెన మీద ఎర్ర రైలొకటి వెళ్ళింది.

కాలు కదపకు.

అక్క

గౌరవనీయులైన అక్కగారికి,

దొరికిపోయావు. చెరువు కుడివైపు, వంతెన ఎడమవైపు. ఆరేళ్ళుగా అవి చోటు మారలేదు. మారడానికి వాటికేం పెళ్ళి కుదరలేదు. అంటే అంత పైకెక్కి నువ్వు లోయకేసి చూడనేలేదు. ఆయన మొహం చూస్తూ నిలబడి, నాకేదో అల్లి రాశావు. నా టీ తాగారు, తాగనీ. కానీ నా చోట్లో నిలబడ్డారక్కా.

జోకు రావడం లేదు. అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

తమ్ముడు

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

లోయ చూడలేదన్న మాట నిజమే. ఆయన మొహమూ చూడలేదు. మలుపు దగ్గర అలవాటుగా కళ్ళు మూసుకుని నడిచాను. కమ్మీ తగిలింది. పక్కకి చెయ్యి చాపాను, నువ్వు లేవు. “ఒకటి” అనేవాడు లేడు. ఇక తెరవబుద్ధి కాలేదు.

“కంట్లో నలక పడిందా? రెప్ప ఎత్తి చూడనా?” అని ఆయన కంగారు. వృత్తిధర్మం! సంగతి చెప్పాను. నవ్వలేదురా. నేను ముందుకి తూలతానేమోనని కమ్మీకి వీపు ఆనించి నాకెదురుగా నిలబడి, తల తిప్పి తిప్పి చూస్తూ, “ఎడమవైపు చెరువు, కుడివైపు రైలు” అని ఒక్కొక్కటీ చెప్పారు. మంచంలో ఉన్నవాడికి కొండ కబుర్లు కావాలిగా, విన్నది విన్నట్టు రాసేశాను. ఎదురుగా ఉన్నవాళ్ళ ఎడమ నాకు కుడి అవుతుందని తట్టలేదు. మళ్ళీ మలుపు దాటేదాకా చెయ్యి పట్టుకుని నడిపించారు.

ఈ ఏడు నేనింకా ఏమీ చూడలేదు. కట్టెప్పుడు విప్పుతారు?

అక్క

ప్రియమైన అక్కకీ, రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, బావకీ,

కట్టు రేపు విప్పుతారు. ఇంకో నెలకి కొండెక్కొచ్చట. అప్పటికీ మంచు మిగులుతుందని వాకబు చేసి తెలుసుకున్నాను. బావ రావడానికి అనుమతి మంజూరైంది. ఫ్లాస్కు నా దగ్గరే ఉంటుంది. “ఇంకెంత” రెండుసార్లకి మించకూడదు. మలుపు దగ్గర ఆయనా కళ్ళు మూసుకోవాలి. మనకన్నా ముందే చూసేశారు, అది మాత్రం ఇంకా మండుతోంది.

నువ్వు మధ్యలో. ఆ పక్క చెయ్యి ఆయన పట్టుకోవచ్చు.

లెక్కపెట్టేది నేనే.

తిరిగి పదవిలోకి వచ్చిన
తమ్ముడు