ఎవరి మొలలోతు

గూడపర్రు,
మండవల్లి మండలం.
సెప్టెంబరు 22.

ఏలూరు జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, గూడపర్రు కాపురస్తురాలు, కీ.శే. అచ్యుతరావు మాస్టారి భార్య, రైతు, కనకరత్నం, వయస్సు 63, వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఊరి మురుగు కాలువ షట్టర్ల వద్ద వేసిన ఎర్రగీత ఎనిమిది అంగుళాలు తప్పు అయినందున దానిని దించుట గురించియు, వేయించిన ఇంజినీరు గారిని నీళ్లలో నిలబెట్టుట గురించియు.

అయ్యా,

మా పొలాల మురుగు కొల్లేటిలోకి పోవు చోట రెండు షట్టర్లు గలవు. కొల్లేరు పెరిగినప్పుడు వాటిని సకాలంలో దించనిచో సరస్సు నీరు ఎదురెక్కి చేలలోకి వచ్చును. తొందరపడి దించినచో మా మురుగు మాకే నిలుచును. ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నదే మా ఊరి బతుకు.

1. పై విషయమై నా భర్త గారి చేత ముప్పై ఒక్క సంవత్సరాలు వ్రాయబడిన నోటుపుస్తకం ఒకటి గలదు. తమ్మిలేరు నుంచి ఎర్రనీరు దిగిన ఎన్నో రోజుకు కొల్లేరు పెరుగుతుంది, కిక్కిస గడ్డి ఏ కార్తెలో కోయాలి, షట్టర్ల ముందు ఎంత కిక్కిస కోయకుండా వదిలేస్తే అలలు గట్టును కొట్టవు, అన్నీ అందులో ఉన్నవి. మూడేళ్ల కిందట మా సబ్ డివిజన్ ఇంజినీరు కిరణ్ కుమార్ గారు స్కాన్ చేసి తెచ్చిస్తానని పట్టుకెళ్లినారు. ఇంతవరకు తేలేదు. దానిని చూసి ఏలూరులో ఒక సదస్సులో "సంప్రదాయ నీటి విజ్ఞానం" అని మాట్లాడి శాలువా కప్పించుకొన్నారు. పేపర్లో ఫోటో చూసినాను. జరీ అంచు శాలువా.

2. సదరు నోటుపుస్తకంలో ముఖ్యమైన వాక్యము: "రేవు ఆఖరి మెట్టు మీద మొలలోతు రాగానే షట్టర్లు దించాలి." ఎవరి మొల అన్నది అందులో లేదు.

ఇంజినీరు గారు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ గోడ మీది ఫోటో చూసి, "మాస్టారు ఎంత పొడుగుండేవారండీ?" అని అడిగారు. "అయిదడుగుల పదకొండంగుళాలండీ" అన్నాను. విగ్రహం పెట్టిస్తారేమో అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే వెళ్లింది. ఆయన ఆ పొడుగును బట్టి మొల ఎంత ఎత్తున వస్తుందో లెక్క కట్టి, రేవును ఆనుకుని ఉన్న షట్టరు గోడ మీద ఎర్రగీత వేయించారు. దాని పక్కన "అచ్యుతరావు మార్కు" అని కూడా రాయించారు.

3. అచ్యుతరావు గారు ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కనాడైనా ఆ నీళ్లలోకి దిగలేదండీ. ఆయనకు నీళ్లంటే భయం. గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడేవారు. దిగింది నేను. ఎలా దిగాలో మా అత్తగారు నేర్పారు. ఆఖరి మెట్టు మీద కదలకుండా నిలబడు, కాలి కింద ఒండ్రు జారుతోందేమో చూడు, నీరు చల్లగా తగిలితే అది కొత్తనీరు అనేవారు. నేను "మోకాలండీ" అని కేకేస్తే ఆయన మోకాలు అని రాసుకునేవారు. "మొలండీ" అంటే మొల అని రాసుకునేవారు. పెళ్లాన్ని మొలలోతు నీళ్లలో నిలబెట్టానని రాస్తే పరువు తక్కువని, ఎవరిదో రాయలేదు. చనిపోయిన మనిషి మీద చాడీ చెబుతున్నానని అనుకోవద్దు. ఆయన ఉన్నప్పుడూ ఈ మాటే అన్నాను, నవ్వేసేవారు.

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మా ఇద్దరి మొలలకూ తేడా ఎనిమిది అంగుళాలు. ఆ ఎనిమిది అంగుళాల నీరే మా చేలు తాగుతున్నాయి.

4. ముందటేడు సార్వా వరి పొట్ట మీద ఉండగా కొల్లేరు పెరిగింది. షట్టర్లు తిప్పే లస్కరు జోగారావును దించమన్నాను. "గీత దాకా రాలేదండీ అమ్మగారూ. ముందే దించితే నాకు మెమో ఇస్తారండీ" అన్నాడు. నీళ్లు గీతను తాకేసరికి చేను కనపడలేదు. మర్నాడు ఇంజినీరు గారి ఆఫీసుకు వెళ్లి, "గీత బాగా పైన ఉందండీ" అన్నాను. "పెద్దమ్మగారూ, అది మీవారి లెక్కేనండీ. ఆయనకంటే మీకు ఎక్కువ తెలుసా అండీ?" అన్నారు. ఆ గదిలో ఆరుగురు మగవాళ్లున్నారు. ఆ మొల నాదండీ అన్న ఒక్క మాట అనలేక బస్సెక్కి వచ్చేశాను.

5. నిరుడు చెప్పనే లేదు. అది సిగ్గు కాదు, కక్ష. మునగనీ, ఆ శాలువా పరువు కూడా మునగనీ అనుకున్నాను. శాలువాకు ఏమీ కాలేదు. నా మూడెకరాలూ మునిగాయి, పక్కనే వెంకటలక్ష్మి గారి ఎకరమూ మునిగింది. ఆవిడకు అదొక్కటే చేను. గట్టు మీద కూర్చుని, "అన్నయ్యగారి లెక్క కూడా తప్పుతుందా వదినగారూ" అంది. తెలిసీ చెప్పనిది నేను. ఇది నా మీద ఫిర్యాదుగా ఇందులోనే నమోదు చేసుకోవలసినది.

కావున కోరునది ఏమనగా, గీతను తక్షణం ఎనిమిది అంగుళాలు దించవలెను. మొన్న శనివారం ఎర్రనీరు కనిపించింది, ఇక ఎన్నాళ్లో లేదు. నోటుపుస్తకం తిరిగి ఇప్పించవలెను. అందులో మొల అని ఉన్న ప్రతిచోటా ముందు నా పేరు నేనే రాసుకుంటాను.

మరియు, ఇంజినీరు గారు ఆ శాలువా కప్పుకుని, ఊరంతా చూస్తుండగా, రేవు ఆఖరి మెట్టు మీద నిలబడవలెను. నీళ్లు వారి మొలకు వచ్చేదాకా పైకి రానివ్వకూడదు. వారు అయిదున్నర అడుగులు ఉంటారు. అంత నీరు వచ్చేసరికి వెనక చేలు ఏమవుతాయో తల తిప్పి వారే చూసుకుంటారు. గొడుగు ఇవ్వరాదు.

వారి మీద దయ చూపమని ఎవరైనా తమను అడిగినచో, ఆ అడిగినది నేను కానని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కనకరత్నం

తా.క. అర్జీ పోస్టు చేయడానికి వెళ్తూ రేవు దగ్గర ఆగాను. నీళ్లు తొడ దాటాయి. తమ జవాబు వచ్చేదాకా అవి ఆగవండీ. ఇంటికి వెళ్లి మా గేటుకు వేయగా మిగిలిన పచ్చరంగు తెచ్చి, అర్జీ గట్టు మీద పెట్టి, ఆఖరి మెట్టు దాకా దిగి, దానితో నా మొల ఎత్తున గోడ మీద గీత గీశాను. పైన అచ్యుతరావు అన్న పేరు కొట్టేశాను.

"గవర్నమెంటు గోడండీ అమ్మగారూ, కేసవుతుందండీ" అన్నాడు జోగారావు. అవనివ్వమన్నాను. అతను నీళ్లు నా గీత అంచుకు రావడం చూసి, షట్టర్లు దించడానికి వెళ్లాడు. మెమో వస్తే నా పేరు చెప్పమన్నాను.

ముద్దాయి ఎత్తు కూడా కేసు కాగితంలో రాస్తారని విన్నాను. తప్పక రాయించండి. సర్కారు కాగితంలో నా కొలత ఎక్కడం అదే మొదలు. నాలుగడుగుల పది అంగుళాలు. నకలు ఒకటి ఇంజినీరు గారికి పంపగలరు.